ఎంపీ డిపాజిట్ 500 నుంచి 25 వేలు ఎందుకైంది?

ఎంపీగా పోటీ చేయాలంటే ఇప్పుడు 25,000 రూపాయల డిపాజిట్ కట్టాలి, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులైతే 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోయినట్టే. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం పెట్టిన మొత్తం 500 మాత్రమే, 45 ఏళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 1996లో ఎందుకు కదిలించారో తెలియాలంటే నల్గొండ నీళ్ల గురించి తెలియాలి.

అక్కడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్లు గారపట్టేవి, ఎముకలు వంగిపోయేవి, ముప్పై ఏళ్లకే నడుం లేవని మనుషులు ఊరూరా ఉండేవాళ్లు. అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, కృష్ణా నీళ్లు మాత్రం రాలేదు. చివరికి దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో జనం చేత గుట్టలుగా నామినేషన్లు వేయించింది. మొత్తం 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యేసరికి ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. ముగ్గురికి తప్ప అందరికీ డిపాజిట్లు పోయాయి, సీపీఐ నుంచి ధర్మభిక్షం గెలిచారు. ఆ 477 మందిని ఓడిపోయినవాళ్లు అనడానికి నాకు మనసొప్పదు, వాళ్లు నామినేషన్ పత్రాన్నే అర్జీగా వాడుకున్నారు, దేశమంతా ఫ్లోరైడ్ అనే మాట వింది.

అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ సీటులో రైతులు ఇలాగే చేస్తే అభ్యర్థుల లెక్క 1,033కి చేరింది. దేశం మొత్తం మీద లోక్‌సభకు 13,952 మంది నిలబడ్డారు.

ప్రభుత్వం ఆగస్టులోనే చట్టం మార్చేసింది. డిపాజిట్ 10,000 అయింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు, అంటే నామినేషన్‌ను బలపరుస్తూ సంతకం పెట్టే ఓటర్లు, ఉండాలన్నారు. 1998లో అభ్యర్థులు 4,750కి పడిపోయారు. ఎన్నికల నిర్వహణ తేలికైన మాట నిజమే, కానీ డబ్బుతో కట్టిన గోడ ముందు ఆగిపోయేది పేదవాడే కదా, పెద్ద పార్టీ అభ్యర్థికి పదివేలు ఒక లెక్కా? తర్వాత 2010 నుంచి 25,000 చేశారు.

అయినా 2019లో నిజామాబాద్ పసుపు రైతులు ఆగలేదు. పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర కావాలని డిపాజిట్లు కట్టి మరీ నిలబడ్డారు, మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు. పాతరకం ఈవీఎంకు నాలుగు బ్యాలెట్ యూనిట్లే (అభ్యర్థుల పేర్లు, మీటలు ఉండే పెట్టెలు) కలపొచ్చు, అంటే 64 పేర్లు, అంతే. అందుకే కొత్త ఎం-3 మెషిన్లు తెప్పించి, ఒక్కో బూత్‌లో 12 యూనిట్లు వరసగా పేర్చి ఓట్లు వేయించారు.

2025 జనవరిలో పసుపు బోర్డు వచ్చింది, ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లోనే. నల్గొండకు కృష్ణా నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు సొరంగం మాత్రం ఇంకా తవ్వుతూనే ఉండగా, ఆ మరుసటి నెలలోనే కప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు.