వీటీ-ఎక్స్ డిసేబుల్ అయ్యుందంటే ఏంటి: వర్చువల్ మెషీన్ల వెనక కెర్నల్ కథ

మా బరంపురం, పర్లాకిమిడి వైపు కంప్యూటర్ సెంటర్లలో పిల్లలు లినక్స్ నేర్చుకోవాలంటే విండోస్ తీసేయడానికి కుదరదు, అందుకని వర్చువల్‌బాక్స్ (విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్, ఆ లోపలిదే వర్చువల్ మెషీన్, అంటే వీఎం) వేసుకుంటారు, స్టార్ట్ కొట్టగానే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవగానే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) వీటీ-ఎక్స్ డిసేబుల్ అయ్యుందని ఎర్రర్. వీటీ-ఎక్స్ అంటే వీఎంల కోసం ఇంటెల్ సీపీయూలో పెట్టిన సదుపాయం. బయోస్‌లోకెళ్లి ఆన్ చేస్తే నడిచిపోద్ది, కానీ ఎందుకు నడిచిందో కూడా వాళ్లకి చెప్పాలి, అసలు విషయమంతా అక్కడే ఉంది.

ఒక్కో యూజర్‌కి ఒక్కో పూర్తి మెషీన్ ఉన్నట్టు చూపించడం 1960ల్లోనే ఐబీఎం సీపీ-67తో చేసి చూపించింది, 1972లో వీఎం/370 వచ్చింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ వర్చువల్ మెషీన్లకి రూల్ రాశారు: మెషీన్ స్థితిని ముట్టుకునే ఏ ఇన్‌స్ట్రక్షన్‌నైనా గెస్ట్ (వీఎం లోపల నడిచే ఓఎస్) నడిపితే అది ట్రాప్ అయ్యి, అంటే సీపీయూ అక్కడే ఆపేసి, హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే ప్రోగ్రామ్) చేతికి రావాలి.

ఇంటెల్ ఎక్స్86 ఈ రూల్‌కి లొంగలేదు. పాప్ఎఫ్ అనే ఇన్‌స్ట్రక్షన్‌నే తీసుకోండి, గెస్ట్ కెర్నల్ (ఓఎస్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే ముఖ్య భాగం) దాంతో ఇంటరప్టులు (పని మధ్యలో సీపీయూని పిలిచే సిగ్నళ్లు) ఆపాలనుకుంటుంది, కానీ ఆ కెర్నల్‌ని పూర్తి అధికారం ఉండే రింగ్ 0లో కాకుండా అధికారం తక్కువుండే పై రింగ్‌లో నడుపుతున్నాం కదా, సీపీయూ ట్రాప్ ఇవ్వదు, ఆ మార్పుని ఊరికే వదిలేసి ముందుకెళ్లిపోద్ది, గెస్ట్ మాత్రం ఇంటరప్టులు ఆగాయనే అనుకుంటుంది. పెంటియంలో ఇలా రూల్‌కి అడ్డొచ్చేవి 17 ఉన్నాయని 2000లో లెక్క తేల్చారు.

1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ గెస్ట్ కెర్నల్ కోడ్‌ని నడుస్తుండగానే చదివి, ప్రమాదం ఉన్న చోట మార్చి రాసుకుంటూ పోయింది, నిజంగా గొప్ప పని. 2003లో జెన్ అనే హైపర్‌వైజర్ చేసినవాళ్లు గెస్ట్ కెర్నల్‌నే సవరించమన్నారు, సోర్స్ చేతిలో ఉన్న లినక్స్‌కి అది కుదిరింది. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్ ఇచ్చాక గెస్ట్‌కి సొంత రింగ్ 0 దొరికింది, అవసరమైనప్పుడు మాత్రం సీపీయూ గెస్ట్‌ని ఆపి (దీన్నే వీఎం ఎగ్జిట్ అంటారు) హైపర్‌వైజర్ దగ్గరికొస్తుంది. బయోస్‌లో ఆన్ చేసేది దీన్నే.

అక్కణ్నుంచి ప్రశ్న కెర్నల్ డిజైన్ మీదకొచ్చింది: హైపర్‌వైజర్ విడిగా ఉండాలా, లినక్స్‌లోనే ఉండాలా అని. జెన్ అన్నిటికన్నా అడుగున తనదైన ఒక చిన్న కెర్నల్ పెట్టుకుని, డ్రైవర్ల కోసం డామ్0 అనే ప్రత్యేక వీఎంలో లినక్స్‌ని వాడుకుంది. అవి కివిటి మొదలుపెట్టిన కేవీఎం (2007 ఫిబ్రవరి, లినక్స్ 2.6.20) ఏం చెప్పిందంటే, షెడ్యూలర్ (ఎవరికి ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో తేల్చేది), మెమరీ మేనేజ్‌మెంట్, డ్రైవర్లు అన్నీ లినక్స్‌లో ముందే ఉన్నప్పుడు మళ్లీ రాయడం దేనికి, ఒక్కో వీఎం ఒక ప్రాసెస్, ఒక్కో వీసీపీయూ (వీఎంకి కనిపించే సీపీయూ) ఆ ప్రాసెస్‌లో ఒక థ్రెడ్. టాప్ కమాండ్ కొడితే వీఎం మిగతా ప్రాసెస్‌లతో పాటే కనిపిస్తుంది, కిల్ కమాండ్ కొడితే పోద్ది. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది, నేర్చుకునేవాళ్లకి కూడా కెర్నల్ అంటే ఏంటో ఇందులోనే బాగా తెలుస్తుంది.

కాకపోతే అంత పెద్ద లినక్స్‌లో ఒక్క బగ్ దొరికినా దాని మీదున్న వీఎంలన్నిటికీ ముప్పే, ఇది కొట్టిపారేసే మాట కాదు. అందుకే ఆండ్రాయిడ్ కోసం గూగుల్ చేసిన పీకేవీఎంలో (రక్షణ పెంచిన కేవీఎం) హోస్ట్ లినక్స్‌ని, అంటే వీఎంలని నడిపే లినక్స్‌ని కూడా పూర్తిగా నమ్మరు, దాని కింద చిన్న హైపర్‌వైజర్ ఉంటుంది, రక్షించిన వీఎంల మెమరీని హోస్ట్ చదవకుండా అదే అడ్డుకుంటుంది.