యుద్ధం బొమ్మలంటే కత్తులూ గుర్రాలేనా? అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో బడి పిల్లలకు పాత శిల్పాలు చూపించడం, చిన్న చిన్న బొమ్మల ప్రదర్శనలు పెట్టడం నా పని. యుద్ధం బొమ్మల దగ్గరికి రాగానే పెద్దవాళ్ళు కూడా కొన్ని మాటలు ఖాయంగా అంటారు.

అపోహ: ఈ బొమ్మలు పెట్టేది రాజుల గొప్ప చెప్పడానికే.

వాస్తవం: చాలాకాలం అదే జరిగింది. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ కోటలో 1837లో యుద్ధాల గ్యాలరీ తెరిచారు. 120 మీటర్ల హాలు, 33 పెద్ద పెద్ద చిత్రాలు, అన్నీ ఫ్రాన్స్ గెలుపులే. అప్పటికి పాతికేళ్ళ ముందే స్పెయిన్‌లో గోయా అనే చిత్రకారుడు రాగిరేకుల మీద యుద్ధం చేసిన ఘోరాన్ని చెక్కుతున్నాడు: చెట్టుకు వేలాడే శవాలు, ఆకలికి పడిపోయిన ఆడవాళ్ళు. ఒకదాని కింద ‘ఇది నేను చూశాను’ అని రాసుకున్నాడు. ఆయన 1828లో పోతే, అవి పుస్తకంగా అచ్చయింది 1863లో.

వెర్సాయ్ బొమ్మ చూడాలంటే నాలుగడుగులు వెనక్కి జరగాలి. గోయా బొమ్మ అరచేతికి కాస్త పెద్దది, ముఖం దగ్గర పెట్టి చూడాలి. అలాంటివాటి నకళ్ళు పెడితే పిల్లల కళ్ళ ఎత్తులోనే తగిలిస్తాను.

అపోహ: కళ్ళారా చూసినవాడే యుద్ధాన్ని గీయగలడు.

వాస్తవం: 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు పడ్డప్పుడు చిత్రకారుడు పికాసో పారిస్‌లో ఉన్నాడు. పేపర్లలో చదివి గీశాడు. దాదాపు ఎనిమిది మీటర్ల వెడల్పున్న ఆ చిత్రంలో విమానం లేదు, బాంబు లేదు. చనిపోయిన బిడ్డను పట్టుకుని ఏడుస్తున్న తల్లి ఉంది. 2003లో ఇరాక్ మీద యుద్ధం గురించి మాట్లాడే ముందు, ఐక్యరాజ్యసమితిలో ఉన్న, ఆ చిత్రాన్ని చూసి దారాలతో నేసిన నకలుకు నీలం పరదా కప్పేశారు. ‘బొమ్మే కదా’ అనేవాళ్ళకు ఈ సంగతి తప్పకుండా చెప్తాను.

అపోహ: పాత కత్తులు, తుపాకులు అద్దాల బీరువాలో పెడితే చాలు.

వాస్తవం: చాలదు. దెబ్బ తిన్నవాడి ఊసు లేకుండా పిడి మీది బంగారు పని గురించే రాస్తే, అది నగల షాపు.

అపోహ: ఇదంతా యూరప్ సంగతి, మన దగ్గర ఏముంది?

వాస్తవం: ఈ మాటకే నాకు ఎక్కువ బాధ. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల కాలం నాటి ఛాయాస్తంభాలు, అంటే పోయినవాళ్ళ గుర్తుగా నిలిపిన రాతి స్తంభాలు, ఉన్నాయి. రాజులకే కాదు, యుద్ధంలో పోయిన సైనికులకూ నిలబెట్టినవి. మన ఊళ్ళ పొలిమేరల్లో వీరగల్లులున్నాయి, పోరులో పోయిన వీరుల బొమ్మలు చెక్కిన రాళ్ళు. పశువుల మందను కాపాడబోయి చచ్చిపోయినవాళ్ళకు కూడా వేశారు. చాలావాటి మీద పేరుండదు. జనం దేవుడనుకుని పసుపు కుంకుమ పెడతారు, అది తప్పనను.

మూడంతస్తులున్న రాయి దొరికితే కింద నుంచి పైకి చదవండి. కింద పోరు, మధ్యలో వీరుణ్ణి పైకి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు చేతులు జోడించిన మనిషి, ఆపైన సూర్యచంద్రులు. ఒకసారి ఒక పాప కింది అంతస్తులో వేలు పెట్టి, ‘మేడం, ఈ కింద పడ్డాయన ఎవరు?’ అనడిగింది. వీరుడి కాళ్ళ కింద ఇంకో మనిషి! పదిసార్లు చూసిన రాయే, నాకెప్పుడూ ఆనలేదు. అప్పట్నుంచి ఆ పడ్డ మనిషిని ముందు చూపిస్తున్నాను.

వెళ్తే పొద్దున్నే గానీ, పొద్దు వాలేటప్పుడు గానీ వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడితేనే అరిగిపోయిన గీతలు తేలతాయి. మిట్టమధ్యాహ్నం ఒట్టి రాయే కనిపిస్తుంది.