కుక్కపిల్లను కొనబోతున్నారా? ముందు తల్లిని చూపించమనండి

నెల్లూరులో పశువైద్యుడిగా కుక్కలే ఎక్కువ చూస్తుంటాను. కొనకముందు సలహా అడిగేవాళ్లు తక్కువ, కొన్నాక పరిగెత్తుకొచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: తల్లి ఫొటో వాట్సాప్‌లో పెట్టారు, అది చాలు.

వాస్తవం: చాలదు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో తెప్పించి, "హైవేలో టోల్‌గేట్ దగ్గరికి రండి సార్, కార్లోనే ఇచ్చేస్తాం" అనేవాళ్లు పెంపకందార్లు కాదు, మధ్యవర్తులు. పిల్ల పుట్టిన చోటికే వెళ్లండి. పాలిచ్చిన తల్లయితే చన్నులు వేలాడుతుంటాయి. ఒళ్లు కాస్త తీయడం మామూలే. డొక్కలు ఎండిపోయి, చెవి మడతల్లో పిడుదులు కనిపిస్తే తిరిగొచ్చేయండి. మనిషిని చూడగానే మూలకు నక్కే తల్లి పిల్లలకూ ఆ బెదురు రావచ్చు. ఇది ఎన్నో ఈత అని కూడా అడగండి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఏడాదిన్నర నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు, జీవితంలో ఐదు ఈతలు మించకూడదు. బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చూపించమంటే చాలామంది మాట మారుస్తారు.

అపోహ: కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లుంటే ఢోకా లేదు.

వాస్తవం: ఆ కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి కీళ్లలో లోపం ఉందేమో తెలిసేలా తల్లిదండ్రుల ఎక్స్‌రే అడగండి. "పేపర్లు తర్వాత కొరియర్ చేస్తాం" అంటే రావనే అనుకోండి.

అపోహ: నెల పిల్లను తెస్తేనే బాగా మాలిమి అవుతుంది.

వాస్తవం: ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు. తోడబుట్టినవాటితో ఆడుకునేటప్పుడే ఎంత గట్టిగా కొరకొచ్చో పిల్లకు తెలుస్తుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది. వయసు మీద అనుమానముంటే నోరు తెరిచి చూడండి. వెనకపళ్లు ఇంకా చిగురు దాటకపోతే అది రెండు నెలల పిల్ల కాదు.

అపోహ: డబుల్ బోన్ లాబ్రడార్ మేలు జాతి.

వాస్తవం: అలాంటి జాతే లేదు, రేటు పెంచే మాట. ఉబ్బిన పొట్ట చూసి ముచ్చటపడకండి, చాలాసార్లు అది నట్టల (పేగు పురుగుల) పొట్ట.

అపోహ: హుషారుగా గెంతుతోంది, రోగమేం ఉంటుంది?

వాస్తవం: పార్వో అనే వైరస్ జబ్బు సోకాక బయటపడటానికి మూడు నుంచి ఏడు రోజులు పట్టొచ్చు. ఆదివారం గెంతిన పిల్లను శుక్రవారం రక్త విరేచనాలతో తెస్తారు. టీకా కార్డు మీద సీసా స్టిక్కర్, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం ఉన్నాయా చూడండి. మూడు వారాల వయసుకే మొదటి డోసు వేసినట్టు రాసుంటే ఆ కార్డును నమ్మకండి.

అపోహ: సవాలక్ష ప్రశ్నలడిగే బ్రీడర్‌కు పొగరు.

వాస్తవం: మంచు ప్రాంతాల కుక్క హస్కీ కావాలంటే "రోహిణి కార్తెలో కరెంటు పోతే ఏం చేస్తారు?" అని అడిగేవాడే నయం. సాకలేకపోతే తానే వెనక్కి తీసుకుంటానని, మూడు రోజుల్లోపు డాక్టరు తేడా చెబితే డబ్బు తిరిగిస్తానని రాసిమ్మనండి.