వృద్ధాశ్రమాల్లో కలిసి చేసే సేవ: అపోహలు – వాస్తవాలు

వృద్ధాశ్రమంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నాకు తరచుగా ఎదురయ్యే అపోహలు ఇవి. తల్లిదండ్రులను చేర్చడానికి వచ్చే కుటుంబాలకే కాక, మా సిబ్బందిలో కొందరికి కూడా ఇవి ఉన్నాయి.

అపోహ: డాక్టరు క్రమం తప్పకుండా వస్తే చాలు, తక్కినవారు ఆయన చెప్పినట్టు చేస్తే సరిపోతుంది.

వాస్తవం: తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) జిల్లాకు కనీసం ఒకటి చొప్పున ఏర్పాటు చేయవచ్చునన్న ఆశ్రమాలు కనీసం 150 మందికి ఉద్దేశించినవి. అంతమంది ఉన్నచోట డాక్టరు ఒక్కొక్కరి దగ్గర గడపగలిగేది కొద్ది నిమిషాలే. పార్కిన్సన్స్ వ్యాధినే తీసుకుందాం. పప్పు, గుడ్డు, పాలు వంటి మాంసకృత్తుల ఆహారం ఈ వ్యాధికి వాడే లెవోడోపా మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు కాబట్టి, సాధారణంగా ఆ మాత్రను భోజనానికి అరగంట ముందైనా ఇవ్వమంటారు. మందు బాగా పనిచేస్తున్న వేళలోనే నేను వారిచేత నడక సాధన చేయించాలి. వంటగదిలో టిఫిన్ ముందుకు జరిగినా, మాత్ర ఆలస్యమైనా, నేను వెళ్లేసరికి వారి పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు కదలవు. ఆ సంగతి ఎవరూ చెప్పకపోతే, మందు చాలడం లేదనుకుని డాక్టరు మోతాదు పెంచే ప్రమాదం ఉంది. వంటమనిషి కూడా చికిత్సలో భాగమేనని నేను నమ్మేది ఇందుకే.

అపోహ: ఆయాలకు వైద్య విషయాలతో పనిలేదు.

వాస్తవం: నిన్నటిదాకా అందరినీ పేరుపెట్టి పిలిచిన పెద్దావిడ ఈ ఉదయం ఎవరినీ పోల్చుకోలేకపోతే, అది వయసుతో వచ్చే మతిమరుపు కాదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర వంటి కారణం ఏదైనా ఉందేమో వెంటనే వెతకాలి. ఇలా ఉన్నట్టుండి వచ్చే అయోమయ స్థితిని డెలీరియం అంటారు. ఈ స్థితిలో కేకలు వేసేవారిని అందరూ గమనిస్తారు. మాట తగ్గి, మగతగా పడుకున్నవారిలో వచ్చిన తేడాను పట్టుకోగలిగేది రోజూ స్నానం చేయించి, అన్నం తినిపించే ఆయానే.

అపోహ: పడిపోకుండా చూడటం ఫిజియోథెరపిస్టు బాధ్యత.

వాస్తవం: లేచి నిలబడిన 3 నిమిషాల్లోపు పై రక్తపోటు 20 పాయింట్లు తగ్గి తూలిపోయే వ్యక్తిని వ్యాయామం ఒక్కటే కాపాడలేదు. నర్సు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మరోసారి బీపీ చూడాలి. పడిపోయే ప్రమాదాన్ని పెంచగల బీపీ, ప్రోస్టేట్, నిద్ర మందులను డాక్టరు సమీక్షించాలి.

అపోహ: రిజిస్టరులో రాస్తే సమాచారం అందినట్టే.

వాస్తవం: డాక్టరు ఫైలు, నర్సుల రిజిస్టరు, నా వ్యాయామాల పుస్తకం వేర్వేరుగా ఉన్నచోట ఒకరు రాసింది మరొకరు చదవరు. డ్యూటీ మారేటప్పుడు మంచం దగ్గరే నిలబడి మాట్లాడుకోవాలి, ఆ మాటల్లో ఆయాకూ చోటుండాలి. "రాత్రి మంచినీళ్లు తాగుతుంటే రెండుసార్లు పొలమారిందమ్మా" అని ఆమె చెబితే, నీళ్లు పట్టడం ఆపి, వెంటనే డాక్టరుకు తెలియజేసి, స్పీచ్ థెరపిస్టు చేత మింగే తీరును పరీక్ష చేయించాలి.