ఫ్రిజ్‌లో ఉన్న పెన్ను

పిల్లలూ,

మీ అమ్మమ్మ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన లావుపాటి పెన్ను లాంటిది కనిపిస్తే ఆడుకోవడానికి తీయకండి. అది టెరిపరటైడ్ ఇంజెక్షన్ కావచ్చు. గుల్లబారిన ఎముకను మళ్లీ కట్టించే మందు అది.

ఎముక రాయిలా పడి ఉండేది కాదు. ఒక జట్టు కణాలు పాత ఎముకను తవ్వేస్తుంటే, వెనకాలే ఇంకో జట్టు కొత్తది కడుతూ వస్తుంది. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక తవ్వకం జోరందుకుని కట్టుబడి వెనకబడుతుంది. వారానికోసారి పరగడుపున వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర తవ్వకాన్ని తగ్గిస్తుంది. కొత్తగా కట్టడం దాని పని కాదు.

మన మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక హార్మోన్ వదులుతాయి. అది 84 అమైనో ఆమ్లాలు, అంటే చిన్న చిన్న ముక్కలు, గొలుసులా కలిసింది. టెరిపరటైడ్ అంటే అందులో మొదటి 34. ఈ హార్మోన్ రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరిగిపోతుంది. అదే రోజుకోసారి కాసేపు పెరిగి తగ్గితే, కట్టే కణాలు లేచి పనిలోకి దిగుతాయి. అందుకే రోజూ 20 మైక్రోగ్రాములు, తొడకో పొట్టకో. పెన్నును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. గడ్డకడితే ఇక పారేయాల్సిందే. ప్రతిసారీ కొత్త సూది. మొదలుపెట్టిన 28 రోజుల తర్వాత మందు మిగిలినా వాడకూడదు, కాబట్టి మొదలుపెట్టిన తేదీని పెన్ను మీద మార్కర్‌తో మీరే రాసిపెట్టండి. మొదట్లో కళ్లు తిరగొచ్చు, అమ్మమ్మను కూర్చోబెట్టాకే వేయాలి. ఒంట్లో కాల్షియం, విటమిన్ డి తక్కువగా ఉంటే ముందు వాటిని సరిచేయాలి. ఇసుక, సిమెంటు లేకుండా మేస్త్రీని పిలిచి ఏం లాభం?

ఎముకను కట్టించే రెండో మందు రోమోసోజుమాబ్ కథ దక్షిణాఫ్రికాలో మొదలైంది. అక్కడ కొన్ని కుటుంబాల్లో ఎముకలు విపరీతంగా మందమయ్యేవి. పుర్రె మందమై నరాలను నొక్కడంతో చెవుడు కూడా వచ్చేది. లోపం ఏ జన్యువులో ఉందో 2001లో తేలింది. ఎముకలో ఉండే కణాలు 'ఇక కట్టింది చాలు' అని చెప్పడానికి స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ వదులుతాయి. ఆ కుటుంబాల్లో అదే లేదు. ఈ మందు ఆ ప్రొటీన్‌ను పట్టి ఆపుతుంది. నెలకోసారి 105 మిల్లీగ్రాముల ఇంజెక్షన్లు రెండు, 12 నెలలు. గడిచిన ఏడాదిలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు.

ఎక్కువ మంది పొరపాటు చేసేది కోర్సు అయిపోయాకే. స్లాబ్ వేసి నీళ్లు పెట్టకపోతే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. కట్టే మందు ఆపి ఊరుకుంటే కొత్త ఎముక కూడా అలాగే దక్కకుండా పోతుంది. వెంటనే అలెండ్రోనేటో, ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్డో మొదలుపెట్టాలి. ఏది అన్నది డాక్టరు చెబుతారు, కానీ 'తర్వాత ఏం మందు?' అని ముందే అడిగి ఉంచండి.

ఇక రాబోయేవి. పాలిచ్చే తల్లి ఎముకల్లోంచి పాలలోకి బోలెడంత కాల్షియం పోతుంది, అయినా ఆ ఎముకలు మళ్లీ కోలుకుంటాయి. దీని వెనక సీసీఎన్3 అనే మెదడు హార్మోన్ ఉందని 2024లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. ముసలి ఎలుకల విరిగిన ఎముక మీద ఈ హార్మోన్ ఉన్న జిగురు పట్టీ వేస్తే కొత్త ఎముక పుట్టింది. ఇది ఎలుకల సంగతి. ఆ పేరుతో ఎవరైనా పొడులో మాత్రలో అమ్మజూపితే అమ్మమ్మను కొననివ్వకండి.

మీ తాతయ్య