ఆమిష్ పిల్లల చదువు: అపోహలు - వాస్తవాలు

పెన్సిల్వేనియాలో హైస్కూల్ పూర్తి చేయని పెద్దవాళ్లను నేను జీఈడీకి తయారు చేస్తాను. ఈ పరీక్ష పాసైతే హైస్కూల్ చదువుతో సమానంగా చెల్లుతుంది. కార్లు, కరెంటు లాంటివి దూరం పెట్టి పల్లెల్లో సాదాగా బతికే క్రైస్తవ సమాజం ఆమిష్‌లది. అలాంటి ఇళ్లలో పుట్టి పెరిగి బయటికి వచ్చినవాళ్లు కూడా నా క్లాసులో చేరుతుంటారు. న్యూజెర్సీ నుంచి వీకెండ్‌కి ఆమిష్‌లు ఎక్కువగా ఉండే లాంకాస్టర్ చూడటానికి వచ్చే మన తెలుగువాళ్లు వాళ్ల గుర్రపు బగ్గీని ఫొటో తీసుకుని, తర్వాత నన్ను అడిగేది ఒకటే: "పిల్లల్ని చదివించరట కదా?" నేను దగ్గరగా చూస్తున్న విషయాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆమిష్‌లకు చదువంటే పడదు.

వాస్తవం: వాళ్ల పిల్లలు ఎనిమిదో తరగతి వరకు బడికి వెళ్తారు. ఉత్తర అమెరికాలో ఆమిష్‌లు సొంతంగా నడుపుకునే బళ్లు రెండు వేలకు పైనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకటి రెండు గదుల బళ్లే. చాలాచోట్ల ఒకే గదిలో పాతిక ముప్ఫై మంది పిల్లలు, ఎనిమిది తరగతులు. టీచర్ సాధారణంగా పెళ్లికాని ఆమిష్ యువతి, తను చదివింది కూడా ఎనిమిది వరకే. బడి కట్టేదీ, జీతమిచ్చేదీ తల్లిదండ్రులే. దానితోపాటు ప్రభుత్వ బళ్ల పన్ను కూడా కడతారు. చదువంటే పడనివాళ్లు ఇంత ఖర్చు ఎందుకు పెట్టుకుంటారు?

ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస మాట్లాడతారు కాబట్టి చాలామంది పిల్లలకు ఇంగ్లీషు బడికి వెళ్లాకే బాగా వస్తుంది. బైబిలు చదవడానికి, కీర్తనలు పాడటానికి పుస్తకాల జర్మన్ కూడా నేర్పుతారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్పెల్లింగ్ తప్పు రాయరు, దస్తూరీ ముచ్చటగా ఉంటుంది. భిన్నాల లెక్కలు కాగితం లేకుండానే చేసేస్తారు. వడ్రంగం పనిలో అంగుళంలో పదహారో వంతు దాకా రోజూ కొలిచేవాళ్లు మరి. వాళ్లకు పరిచయం లేనివి ఆల్జీబ్రా, సైన్స్.

వాళ్ల అభ్యంతరం హైస్కూల్ మీదే. పద్నాలుగేళ్ల పిల్లాడు అమ్మానాన్నల పక్కన పని నేర్చుకునే వయసులో, దూరంగా ఉన్న పెద్ద బడిలో పోటీకీ ర్యాంకులకీ అలవాటు పడితే ఇక ఊరివాడుగా మిగలడని వాళ్ల భయం. డిగ్రీనే ప్రాణంగా చూసే మన ఇళ్లలో ఈ మాట మింగుడు పడదు. కానీ వాళ్లు అన్నీ ఆలోచించుకునే ఈ నిర్ణయం తీసుకున్నారు.

అపోహ: మొదటి నుంచీ వేరే బళ్లే పెట్టుకున్నారు.

వాస్తవం: ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ఎక్కువమంది ఆమిష్ పిల్లలు ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి పల్లెల్లోని ప్రభుత్వ బళ్లలోనే చదువుకున్నారు. ఆ చిన్న బళ్లను మూసి, పిల్లల్ని బస్సుల్లో పెద్ద బడికి తరలించడం మొదలయ్యాకే గొడవ వచ్చింది. లాంకాస్టర్ కౌంటీలోని ఈస్ట్ లాంపీటర్‌లో 1937లో ఈ వివాదం రాజుకుంది. పిల్లల్ని హైస్కూల్‌కి పంపనందుకు పెన్సిల్వేనియాలో తండ్రులు జైలుకు కూడా వెళ్లారు. 1965 నవంబరులో అయోవాలోని హేజిల్‌టన్ దగ్గర, అధికారులు బస్సు ఎక్కించబోతే పిల్లలు పక్కనున్న మొక్కజొన్న చేలోకి పరుగెత్తారు. ఆ ఫొటో దేశమంతా చూసింది.

అపోహ: అమెరికా సుప్రీంకోర్టు వాళ్లకు చదువు నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చింది.

వాస్తవం: 1972 మే 15న వచ్చిన విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ తీర్పు ఎనిమిదో తరగతి తర్వాతి చదువుకే వర్తిస్తుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో 16 ఏళ్ల వరకు బడికి పంపి తీరాలని చట్టం ఉండేది. పంపని ముగ్గురు తండ్రులకు తలా 5 డాలర్ల జరిమానా పడింది. మతస్వేచ్ఛ కింద అది చెల్లదని కోర్టు తేల్చింది. శతాబ్దాలుగా నమ్మకం, జీవనం ఒకటిగా బతుకుతున్న సమాజం కాబట్టే ఈ వెసులుబాటు ఇచ్చింది. సొంత అభిప్రాయం కొద్దీ బడి మాన్పిస్తామంటే కుదరదని కూడా ఆ తీర్పులోనే ఉంది.

ఇందులో నన్ను వదలనిది జస్టిస్ డగ్లస్ పాక్షిక అసమ్మతి. ముగ్గురు పిల్లల్లో కోర్టులో సాక్ష్యం చెప్పింది ఒక్క అమ్మాయే. మిగతా ఇద్దరికి ఏం కావాలో ఎవరైనా అడిగారా అన్నది ఆయన ప్రశ్న. ఆ బిడ్డ పియానో వాయించాలనో, వ్యోమగామి కావాలనో అనుకోవచ్చు కదా అన్నారాయన. కేసు పడింది తల్లిదండ్రుల మీద కాబట్టి అది ఇక్కడ తేల్చాల్సిన విషయం కాదని మెజారిటీ పక్కన పెట్టింది. ఆమిష్ బడి మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ విషయంలో డగ్లస్‌దే న్యాయమని నా అభిప్రాయం. ఆ ప్రశ్న పద్నాలుగేళ్లప్పుడు ఎవరూ అడక్కపోతే, పాతికేళ్లకు నా క్లాసులో కూర్చుని తమకు తామే వేసుకుంటున్నారు.

అపోహ: అందరూ ఒకేలా ఉంటారు.

వాస్తవం: ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో, ఉత్తర ఇండియానాలో కొందరు పిల్లలు ఇప్పటికీ ప్రభుత్వ బళ్లకే వెళ్తారు. స్వార్ట్‌జెన్‌ట్రూబర్ శాఖవాళ్లు మాత్రం చాలా కట్టడిగా ఉంటారు. ఎవరి నియమాలు వాళ్లవే.

అపోహ: పై చదువుకు వెళ్తే వెలివేస్తారు.

వాస్తవం: ఆమిష్‌లు బాప్తిస్మం పసితనంలో ఇవ్వరు, పెద్దయ్యాక ఎవరికి వారు నిర్ణయించుకుని తీసుకుంటారు. అధికారికంగా వెలి వర్తించేది అలా మాట ఇచ్చి తప్పినవాళ్లకే. యోడర్ కేసులో ఆమిష్‌ల తరఫున సాక్ష్యం చెప్పిన ప్రొఫెసర్ జాన్ హోస్టెట్లర్ కూడా ఆమిష్ ఇంట్లో పుట్టినవాడే. బాప్తిస్మానికి ముందే బయటికి వచ్చి, పీహెచ్‌డీ చేసి, జీవితాంతం వాళ్ల గురించే రాశాడు.

అయితే వెలి లేనంత మాత్రాన దారి సులువు కాదు. ఇంట్లో కాన్పు జరిగి, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకోని కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు మొదటి అడ్డంకి కాగితాలే. జీఈడీ పరీక్షలో లెక్కలు, భాష, సైన్స్, సోషల్ స్టడీస్ ఉంటాయి. 2014 నుంచి ఇది కంప్యూటర్ మీదే రాయాలి, భాష పేపర్లో వ్యాసం కూడా టైప్ చేయాలి. కరెంటు లేని ఇంట్లో పెరిగినవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే. వాళ్లతో నేను ఆల్జీబ్రా కన్నా ముందు కీబోర్డు మొదలుపెడతాను. టైపింగ్‌లో చెయ్యి తిరిగాక, భిన్నాల మీద ఉన్న పట్టుతో ఆల్జీబ్రా అనుకున్నదానికంటే త్వరగా అందుకుంటారు. ఎక్కువ సమయం పట్టేది సైన్స్ పేపర్‌లోని గ్రాఫులకు, పట్టికలకు.