నీరు పల్లమెరుగు: కర్నూలు వీధులపై అపోహలు - వాస్తవాలు

కర్నూలులో రోడ్లు, కాలువల పనులు చూసే సివిల్ ఇంజనీరుగా, కొత్త కాలనీలో కొలతలు తీసుకుంటున్నప్పుడల్లా నాకు వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: సిమెంటు రోడ్డు ఎంత ఎత్తుగా వేస్తే వీధికి అంత మేలు.

వాస్తవం: పాత రోడ్డును తవ్వి తీయకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన గడప కొన్నేళ్లకు రోడ్డు కంటే పల్లంలో పడుతుంది. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరవుతుంది. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల డాబాపై 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్లు, అలాంటి ఇళ్లు ఇరవై ఉన్న వీధిలో డాబాల మీది నుంచే లక్ష లీటర్లు దిగుతాయి. గోడ నుంచి గోడ దాకా సిమెంటు పరచి, ఇంకడానికి జానెడు మట్టి కూడా మిగల్చకపోతే ఆ నీరంతా పల్లపు ఇళ్లలోకే చేరుతుంది. గడపకు అడ్డంగా ఇటుకలు పేర్చుకున్న ఇళ్లను చూసినప్పుడు, ఇది మా వృత్తి చేసిన తప్పేనన్న బాధ నన్ను వదలదు.

అపోహ: నదికి గోడ కడితే 2009 నాటి ముంపు మళ్లీ రాదు.

వాస్తవం: ఆ అక్టోబరు 2న నగరాన్ని ముంచిన వరదలో తుంగభద్ర, హంద్రీ రెండూ ఉన్నాయి. సంగమం దగ్గర పెద్ద నది నిండుగా ఉంటే చిన్న నది నీరు దిగలేక వెనక్కి ఎగదన్నుతుంది, దానిలో కలవాల్సిన ఊరి కాలువలూ నిలిచిపోతాయి. గోడ బయటి వరదను ఆపినట్టే లోపల కురిసిన వాననూ ఆపుతుంది కనుక, కాలువలు నదిలో కలిసేచోట తలుపులు, నీటిని ఎత్తిపోసే పంపులు తప్పనిసరి. హంద్రీ ఒడ్డున పల్లపు నేలను ఇళ్ల స్థలాలుగా మార్చకపోవడం అంతకంటే ముఖ్యమని నా అభిప్రాయం.

అపోహ: మోరీపై బండలు కప్పేస్తే వీధి శుభ్రంగా ఉంటుంది.

వాస్తవం: పూడిక తీయడానికి వీలుగా అక్కడక్కడా లేవనెత్తగల మూతలు ఉంటేనే. సిమెంటుతో అతికించేస్తే లోపలి పూడిక వానాకాలం దాకా ఎవరికీ కనిపించదు.

అపోహ: కుళాయి నీళ్లు రోజుకో గంట వదిలితే పొదుపు.

వాస్తవం: సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి తగ్గి, పగుళ్లలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి చేరుతుంది. మీ ఇంటి పైపు మోరీలోంచి పోతుంటే, మురుగు తగలని ఎత్తుకు ఈ వేసవిలోనే మార్పించుకోండి.